బుడ్డిలో నీళ్ళు

కూతురు దీపాన్ని రెండు చేతులతో పొదివి పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. తల్లి ముందు చూసింది దీపాన్ని కాదు, కిటికీ తెరని. తెరకీ బల్లకీ మధ్య ఎంత ఎడముందో కళ్ళతోనే కొలిచింది. చాలదనిపించి లేచి వెళ్ళి తెరని ముడేసి మేకుకి తగిలించింది.

"ఇంకా వెలిగించనే లేదమ్మా," అంది కూతురు.

"వెలిగించాక ముడెయ్యడానికి చేతులాడతాయా?"

"నువ్వున్న వీధికి ఫైరింజను దండగ," అని నవ్వి, కూతురు దీపాన్ని బల్ల మీద దింపింది.

అది పాతకాలపు బల్ల దీపం. కిరసనాయిలు పోసే ఇత్తడి బుడ్డి, దాని మెడ మీద మరతో బిగించే బర్నరు, ఆ పైన పల్చటి గాజు చిమ్నీ. బుడ్డి పాత సామాన్ల కొట్లో అడుగంతా చిల్లులతో దొరికింది. చిమ్నీ కోసం మాత్రం కూతురు చాలాకాలం తిరిగింది. లేత ఆకుపచ్చ గాజు, నోటితో ఊది చేసినది, లోపల చిన్న చిన్న బుడగలున్నాయి. అలాంటిది ఇక దొరకదట. కూతురు కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తుంది. పగలంతా అద్దాలు అరగదీసి, ఇంటికొచ్చి తుప్పు అరగదీస్తుంది. గోడ అరల నిండా లాంతర్లు, చేతి దీపాలు, మూతి వంకర పోయినవి, చెయ్యి ఊడినవి. తల్లి రోజూ వాటి దుమ్ము దులుపుతుంది. చమురు లేని దీపంతో ఆమెకి పేచీ లేదు. చమురు పోస్తేనే అది ఆమె కంటికి పడగ విప్పినట్టుంటుంది.

"మేస్త్రి బాబాయ్ ఎంత బాగా మాటు వేశాడో చూడు," అని కూతురు బుడ్డిని పైకెత్తి అడుగు చూపించింది. చిల్లుల మీద సీసం సన్నగా, అరగదీసిన గోరులా మెరుస్తోంది. మార్కెట్టు వెనక సందులో పాత డబ్బాలకీ బిందెలకీ మాట్లు వేసే మేస్త్రి పని అది. దీపాలు పోగుచేసేవాళ్ళందరూ ఆయన దగ్గరికే వెళతారు.

కూతురు బుడ్డిలో సగానికి పైగా కిరసనాయిలు పోసింది. కొత్త వత్తి ఎక్కించి, తోకని లోపలికి వదిలి, బర్నరు బిగించింది.

"ఇప్పుడే ఎందుకు పోశావ్? రేపు కదా మీ మీటింగు?"

"వత్తి నానాలమ్మా. పొడి వత్తి వెలిగిస్తే వత్తే కాలిపోతుంది."

"అంటే రేపటిదాకా ఇది ఇక్కడే, నిండుగా?"

"నిండుగానే. నిన్నేం అనదు. నువ్వు దాన్నేం అనకు."

తల్లి ముడేసిన తెరని ఇంకోసారి లాగి చూసింది. ఆమె ఆలోచన ఎప్పుడూ చివర్నుంచి మొదలై వెనక్కి వస్తుంది. ముందు బూడిద, తర్వాత పొగ, తర్వాత మంట, ఆఖరికి అగ్గిపుల్ల. అగ్గిపుల్ల దగ్గరికొచ్చేసరికి అది ఎవరి చేతిలో ఉందో స్పష్టంగా కనిపిస్తుంది. ఈసారి కూడా కూతురి చేతిలోనే కనిపించింది.

ఆదివారం పొద్దున కూతురు స్నానానికి వెళ్ళగానే తల్లి చిన్న గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. బర్నరు విప్పింది. వత్తి తోక తడితడిగా వేలాడుతుంటే ముఖం పక్కకి తిప్పుకుని, నీళ్ళు బుడ్డిలో ఒంపింది. నీళ్ళు చమురులో కలిసి, చమురు పలచబడి, ఇక అంటుకోదని ఆమె లెక్క. పాలల్లో నీళ్ళు కలపడం చూసిన మనిషికి అంతకంటే ఇంకెలా తోస్తుంది? దీపం వెలగదు. మీటింగులోవాళ్ళు నవ్వుతారు. కూతురు కాసేపు మూతి ముడుచుకుంటుంది. దీపం మళ్ళీ అర ఎక్కుతుంది. ప్రతిదానికీ పది రకాల కీడు ఊహించే మనిషి, ఈ ఒక్కదానికి మాత్రం ఏ కీడూ ఊహించలేదు.

మసిగుడ్డతో బుడ్డి మూతి తుడిచి బర్నరు బిగించింది. బిగించడం ఆమెకి అలవాటు. పంచదార డబ్బా, నీళ్ళ సీసా, కుళాయి, గ్యాసు రెగ్యులేటరు, ఏదైనా సరే ఇక తిరగనంటే ఇంకో సగం చుట్టు తిప్పాల్సిందే. 'అమ్మ మూతపెట్టిన సీసా పట్టుకుని ఎడారికి పోతే నీళ్ళు చేతిలో ఉండగానే పోతాం' అని కూతురు అందరికీ చెప్పి నవ్విస్తుంది.

దీపాలవాళ్ళు నెలకోసారి గ్రంథాలయం పైఅంతస్తులో కలుస్తారు. తలుపులూ కిటికీలూ మూసి, లైట్లు తీసేసి, ఎవరు బాగుచేసిన దీపం వాళ్ళు వెలిగిస్తారు. తల్లి గుమ్మం పక్క కుర్చీలో, చేతిసంచిలో తడి తువాలు పెట్టుకుని కూర్చుంది. ఒక బ్యాంకాయన లాంతరు వెలిగింది. ఒక టీచరమ్మ చేతిదీపం వెలిగింది. తర్వాత కూతురు అగ్గిపుల్ల గీసింది.

దీపం వెలిగింది.

తల్లి ముందుకి వంగింది. నీళ్ళు ఏమయ్యాయి? మంట నిటారుగా, ఆకు చివరలా నిలబడింది. కూతురు చిమ్నీ పెట్టగానే ఆ లేతాకుపచ్చ వెలుగు ఆమె గడ్డం మీదా, ముక్కు మీదా, ఊపిరి బిగబట్టిన పెదాల మీదా పడింది. దీపాలవాళ్ళ పెద్ద ఒకాయన ఉన్నాడు. రిటైరైన పంతులు, గాజు చిమ్నీలంటే ప్రాణం, అందుకని అందరూ చిమ్నీ మాస్టారంటారు. ఆయన కుర్చీలోంచి లేచి వచ్చి బుడగలున్న ఆ గాజుని చూస్తూ, "శభాష్ అమ్మాయ్," అన్నాడు. వెలగకూడదనుకున్న దీపం వెలిగినందుకు ఆ క్షణం తల్లికి బాధ లేదు.

అప్పుడు చిటపటలు మొదలయ్యాయి. కాలిన పెనం మీద నీటిచుక్కలు పడ్డట్టు. మంట ఒకసారి వంగింది, పసుపు తిరిగింది, గాజుకేసి ఉమ్మింది. కూతురు వత్తి తగ్గించబోయి చెయ్యి చాపింది. టప్పుమని చిమ్నీ నిలువునా చీలి, ఒక ముక్క ఆమె మణికట్టు మీద పడింది.

తల్లి ఎప్పుడు లేచిందో ఎవరూ చూడలేదు. తడి తువాలు దీపం మీద పడింది. మంట ఆరింది. మిగిలిన గాజు కూడా తువాలు కిందే పొడయింది.

లైట్లు వేశారు. ఎవరో నీళ్ళు తెచ్చారు, ఎవరో మందు తెచ్చారు. తల్లి కూతురి చేతిని తన ఒళ్ళో పెట్టుకుని ఊదుతూ కూర్చుంది. చర్మం మీద వేలెడంత ఎర్రటి వాత. కూతురు దాన్ని చూడ్డం లేదు. తువాలులో గాజుపెంకుల వైపు చూస్తోంది.

చిమ్నీ మాస్టారు బర్నరు విప్పబోయాడు. రాలేదు. బ్యాంకాయన ప్రయత్నించాడు. ఆఖరికి పట్కారు తెచ్చి తిప్పారు.

"వేడికి పట్టేసిందేమో," అని కూతురు గొణిగింది.

చమురుని గాజు గిన్నెలోకి ఒంపారు. పైన చమురు, కింద నీళ్ళు. రెండూ కలవలేదు. మధ్యలో గీత గీసినట్టుంది. తల్లి ఆ గీత వైపు చూసి కళ్ళు దించుకుంది.

"ఇదీ సంగతి," అన్నాడు మాస్టారు. "మాటు వేసేముందు యాసిడ్ పూస్తారు. పనయ్యాక దాన్ని కడగాలి. మేస్త్రి కడిగాడు, ఆరబెట్టలేదు. వత్తి తోక నీళ్ళల్లో కూర్చుంది. పాపం, వయసు మీద పడింది. నా లాంతరు కూడా ఆయన దగ్గరే ఉంది, తెచ్చేసుకుంటాను."

"నావి రెండున్నాయి," అంది టీచరమ్మ.

తల్లి నోరు తెరిచింది. "మంట తగ్గిందా అమ్మలూ?" అని అడిగింది. అడగాలనుకున్నది అది కాదు.

సోమవారం కూతురు షాపుకి వెళుతూ బుడ్డిని సంచిలో వేసుకుంది. కాలిన చేతికి కట్టు మార్పించాలని తల్లి కూడా బయల్దేరింది.

మేస్త్రి కొట్లో ఇద్దరు నిలబడితే మూడోవాడు బయటుండాలి. పైకప్పుకి రేకు డబ్బాలు గుత్తులుగా వేలాడుతున్నాయి. నేల మీద కుంపటి, పక్కన పళ్ళెంలో ఇసుక, మూతి నల్లబడిన రాగి కడ్డీ. మేస్త్రి ముక్కు మీదున్న కళ్ళజోడు కూతురు చేసి ఇచ్చిందే. కొడుకు గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. అతనిది పక్క వీధిలో ఫోన్ల కవర్లు అమ్మే బండి.

"రా చిన్నమ్మా. వెలిగిందా మన దీపం?" అన్నాడు మేస్త్రి. కట్టు చూసి ఆగిపోయాడు.

కూతురు అరవలేదు. అరిస్తే బాగుండేదనిపించింది తల్లికి. నింపాదిగా జరిగిందంతా చెప్పి, బుడ్డిని ఆయన ముందు పెట్టి, "కడిగాక ఆరబెట్టారా బాబాయ్?" అని అడిగింది.

"ఆరబెట్టకుండా ఎలా ఇస్తానమ్మా. వేడి ఇసుకలో కూర్చోబెడతాను. తర్వాత ఇదిగో, గుమ్మంలో ఎండకి బోర్లిస్తాను."

"ఎప్పుడూ చేసేది కాదు. దీన్ని ఆరబెట్టారా?"

ఆయన ఇసుక పళ్ళెం వైపు చూశాడు. ఇసుక ఏమైనా చెబుతుందేమోనన్నట్టు. "పెట్టే ఉంటాను."

"పెట్టారా, పెట్టే ఉంటారా?"

"ఎవర్ని అడుగుతున్నావక్కా," అన్నాడు కొడుకు. "మొన్న బొగ్గుముక్క జేబులో వేసుకుని తాళంచెవి కుంపట్లో వేశాడు. రాత్రి దాకా బయటే నిలబడ్డాం. నేను చెబుతూనే ఉన్నా, ఇక చాలు నాన్నా, కొట్టు నాకిచ్చెయ్, హాయిగా ఇంట్లో కూర్చో అని."

మేస్త్రి నవ్వబోయాడు. సగంలో ఆగిపోయింది. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని, బుడ్డి అడుగుని వేలితో తడిమాడు. మాటు మాటులాగే ఉంది.

"అయితే పెట్టలేదేమో చిన్నమ్మా," అన్నాడు. "పెట్టలేదేమో. చెయ్యి బాగా కాలిందా?"

తల్లి గుమ్మంలో నిలబడి కిందికి చూసింది. రాతి గడప మీద మసి, మసిలో గుండ్రటి మరకలు. ఏళ్ళ తరబడి బోర్లించిన బుడ్ల మూతుల అచ్చులు. ఒక గుండ్రం మిగతావాటికంటే తేటగా ఉంది, ఆ మధ్యే పెట్టి తీసినట్టు. సరిగ్గా ఆ బుడ్డి మూతంత. ఆమె దాని మీద కాలు పడకుండా పక్కకి జరిగింది. అంతే చేసింది.

బయటికొచ్చాక కూతురు, "పాపం అనిపిస్తోందమ్మా. కానీ ఇంకోసారి ఇవ్వలేను. ఆ గాజు మళ్ళీ రాదు," అంది. తల్లి తల ఊపింది.

ఆ తర్వాత రెండు రోజులూ ఆమె ఆ సందులోంచే వెళ్ళింది, పని ఉన్నా లేకపోయినా. మొదటి రోజు చిమ్నీ మాస్టారు తన లాంతరుని కాగితంలో చుట్టుకుని వెళుతూ ఎదురయ్యాడు. రెండో రోజు కుంపట్లో నిప్పు లేదు. మేస్త్రి ఒక నూనె డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. డబ్బాలోకి వేలు పెట్టి తడి చూసుకున్నాడు. కింద పెట్టాడు. మళ్ళీ తీసి, మళ్ళీ వేలు పెట్టి చూశాడు. ఆమె గోడ పక్కనుంచి అదంతా చూసి ఇంటికొచ్చేసింది. గ్యాసు కట్టేశానా లేదా అని వంటింట్లోకి నాలుగుసార్లు వెళ్ళొచ్చే మనిషికి, ఆ వేలు ఏం వెతుకుతోందో ఒకరు చెప్పక్కర్లేదు.

గురువారం ఆమె కొట్లోకి వెళ్ళింది. "అన్నయ్యగారూ, ఒక మాట," అంది.

"కూర్చోండి చెల్లెమ్మా. చిన్నమ్మ చెయ్యి ఎలా ఉంది?"

"నీళ్ళు మీరు వదల్లేదు. నేను పోశాను."

ఆయనకి అర్థం కాలేదు. ఆమె మళ్ళీ చెప్పింది. స్నానం, గ్లాసు, మసిగుడ్డ, అన్నీ. చెబుతుంటే తన మాట తనకే కథలా వినిపించింది. మేస్త్రి మధ్యలో అడ్డుపడలేదు. అంతా విని మెల్లగా నవ్వాడు. ఈసారి నవ్వు సగంలో ఆగలేదు, అది చూసే ఆమెకి భయం వేసింది.

"మీరు దీపం ముట్టుకుంటారా? 'అగ్గిపెట్టెని పట్కారుతో తీస్తుంది మా అమ్మ' అంటుంది చిన్నమ్మ. నామీద జాలిపడి వచ్చారు. అది చాలు."

"జాలి కాదండీ. నిజం."

"మాటు తప్పు కాదని నాకూ తెలుసు చెల్లెమ్మా. ఆరబెట్టడమే గుర్తు లేదు. ఎంత ఆలోచించినా చెయ్యి కనబడుతుంది, ఇసుక కనబడుతుంది, అందులో బుడ్డి కనబడదు." పక్కన గోడకి ఫోన్ కవర్ల బోర్డొకటి ఆనించి ఉంది. ఆయన దాని వైపు చూడకుండానే చూపించాడు. "వాడు వచ్చేవారం నుంచి ఇక్కడ పెడతానన్నాడు. పెట్టనీ. నేనేం చేస్తున్నానో నాకే తెలీనప్పుడు, నిప్పు దగ్గర ఎందుకు?"

జన్మంతా ఆమె అనుకున్న మాటే అది. నిప్పు దగ్గర ఎందుకు. ఇంకొకరి నోట విన్నాక ఆమెకి కూర్చోబుద్ధి కాలేదు.

ఆ సాయంత్రం కూతురు అరల ముందు నిలబడి దీపాలకి పాత దుప్పటి కప్పుతోంది. ఇంట్లో వత్తి వాసన లేదు, చమురు వాసన లేదు. ఇన్నాళ్ళూ కావాలనుకున్నది అదే.

"రేపు కాస్త ఆలస్యంగా వెళ్ళు షాపుకి," అంది తల్లి. "మేస్త్రి కొట్టుకి రావాలి నాతో."

"మళ్ళీ ఎందుకమ్మా?"

"ఒక దీపం వెలిగించాలి."

కూతురు దుప్పటి పట్టుకునే వెనక్కి తిరిగింది. తల్లి నోటివెంట ఆ మాట ఎప్పుడూ వినలేదు.

శుక్రవారం పొద్దున కొట్లో కొడుకు గోడకి మేకులు కొడుతున్నాడు. మేస్త్రి ఒక మూల, తన సామాను మధ్యలో, బస్సు కోసం కాచుకున్నవాడిలా కూర్చున్నాడు. తల్లి సంచిలోంచి చిన్న చేతిదీపం తీసింది. అరలన్నిట్లోకీ చవకది, చిమ్నీ లేనిది. వత్తి అప్పటికే తడిగా ఉంది.

"నువ్వు నానబెట్టావా?" అంది కూతురు.

తల్లి బర్నరు విప్పి, సీసాలోంచి కిరసనాయిలు పోసింది. తర్వాత ఇంకో సీసా తీసి, మంచినీళ్ళు పోసింది.

"అమ్మా, ఏం చేస్తున్నావ్?"

"ఆదివారం నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడు చేసిందే."

మసిగుడ్డతో మూతి తుడిచింది. బర్నరు తిప్పింది. ఆగిన చోట ఇంకో సగం చుట్టు తిప్పింది. మేకులు కొట్టే చప్పుడు ఆగింది.

మొదటి అగ్గిపుల్ల విరిగింది. రెండోది గీసీ గీయకముందే ఆరింది. ఆమె చేతిలో పెట్టెలోని పుల్లలు గలగలమంటున్నాయి. ఎవరూ అందుకోలేదు. మూడోది అంటుకుంది. దాన్ని చెయ్యంత దూరంలో పట్టుకుని, కళ్ళు సగం మూసుకుని, వత్తికి తగిలించింది.

దీపం చక్కగా వెలిగింది. అందరూ దాన్నే చూస్తున్నారు. అది వెలుగుతూనే ఉంది.

"బాగానే ఉందిగా," అన్నాడు కొడుకు.

"పోనీలెండి చెల్లెమ్మా," అన్నాడు మేస్త్రి, ఆమెకి సిగ్గు కాకూడదన్నట్టు. "ఆర్పేద్దాం."

"ఆగండి," అంది ఆమె. జీవితంలో మొదటిసారి ఏదో అవుతుందని కాక, ఏమీ అవదేమోనని భయపడుతూ నిలబడింది.

చిట్ మంది. మళ్ళీ చిట్. మంట పసుపు తిరిగి, వంగి, నాలుగు చుక్కలు ఉమ్మి, పొగ వదిలి ఆరిపోయింది.

మేస్త్రి దీపాన్ని ఒళ్ళోకి తీసుకుని బర్నరు తిప్పబోయాడు. జారింది. గుడ్డ చుట్టి తిప్పాడు. కదల్లేదు. కూతురికి అందించాడు. కూతురు కట్టు లేని చేత్తో పట్టి తిప్పింది. పళ్ళు బిగించి ఇంకోసారి తిప్పింది. అప్పుడు ఆగింది. దీపం మీంచి కళ్ళెత్తి తల్లి చేతుల వైపు చూసింది. ముఖం వైపు చూడలేదు. తల్లి చేతులు వెనక్కి దాచుకోలేదు.

"ఆవేళ పట్కారు తెచ్చారు," అంది కూతురు, ఎవరితోనో కానట్టు.

సంచీ భుజానికి తగిలించుకుంది. "బాబాయ్, మాస్టారికీ వాళ్ళకీ నేను చెబుతాను," అని, "క్షమించండి," అని బయటికి నడిచింది. తల్లిని రమ్మని పిలవలేదు. ఆమె చెప్పుల చప్పుడు సందు మలుపు దాకా వినిపించింది.

కొడుకు సుత్తి పట్టుకుని నిలబడ్డాడు. "అయితే అది నాన్న తప్పు కాదన్నమాట," అన్నాడు. సుత్తిని చేయి మార్చుకుని, "తాళంచెవి సంగతో మరి?" అని మెల్లగా అన్నాడు. బోర్డుని తీయలేదు. ఇంకో మేకు మాత్రం కొట్టలేదు.

మేస్త్రి పట్కారుతో బర్నరు విప్పాడు. బుడ్డిలోది రేకు పళ్ళెంలోకి ఒంపాడు. నీళ్ళు కిందికి చేరుతుంటే చూశాడు. తర్వాత కుంపట్లో బొగ్గులు పేర్చాడు. తల్లి చప్పున కిరసనాయిలు సీసా అందుకుని గుమ్మం అవతల దూరంగా పెట్టి వచ్చింది. పళ్ళేన్ని కూడా తీసుకెళ్ళి పెట్టింది. ఆయన నిప్పు రాజేశాడు, బుడ్డిని కడిగాడు, ఇసుక వేడెక్కాక అందులో కూర్చోబెట్టి చుట్టూ వేళ్ళతో ఇసుక ఎగదోశాడు. చేతులు పనిని మర్చిపోలేదు. తొందర లేదు, తడబాటు లేదు. కాసేపటికి తీసి, గుడ్డతో తుడిచి, గడప మీద ఎండ పడేచోట బోర్లించాడు. మసిలో పాత గుండ్రం ఒకటి దాని కింద సరిగ్గా మూసుకుపోయింది.

వెళ్ళి తన మూల కూర్చున్నాడు. ఇసుక చదును చేశాడు. పట్కారు తుడిచి పక్కన పెట్టాడు. ఇసుక పళ్ళెం వైపు చూశాడు. గడప వైపు చూశాడు. మళ్ళీ పళ్ళెం వైపు.

"చెల్లెమ్మా."

"చెప్పండి."

"ఎండలో పెట్టాను కదా?"

బుడ్డి ఆయన కళ్ళెదురుగానే మెరుస్తోంది.

"పెట్టారు," అంది ఆమె. "నేను చూశాను."

ఆయన తల ఊపాడు. ఆమె వెళ్ళలేదు. గడప పక్కన, బుడ్డి మీద తన నీడ పడకుండా జరిగి కూర్చుంది, ఆయన మళ్ళీ అడుగుతాడేమోనని.